సున్నాకు దిగువన ఉన్న వోల్టేజీని ఏడీసీతో కొలవడం ఎలా?

పేరు ప్రచురించవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పొడవైన ఉత్తరం రాశారు. ఆమె మోటార్లను పరీక్షించే ఒక విభాగంలో కొత్తగా చేరారు. ఒక డీసీ మోటారు ఎంత వేగంతో, ఏ దిశలో తిరుగుతోందో కంప్యూటర్‌లో నమోదు చేయడం ఆమెకు అప్పగించిన మొదటి పని. మోటారు షాఫ్టుకు ఒక టాకోజనరేటరు బిగించి ఉంది. నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే అది 7 వోల్టులు ఇస్తుంది. మోటారు గరిష్ఠ వేగం 1,400 చుట్లు. అంటే ముందుకు తిరిగితే ప్లస్ 9.8 వోల్టుల దాకా, వెనక్కి తిరిగితే మైనస్ 9.8 వోల్టుల దాకా వస్తుంది. కొలవడానికి ఆమెకు ఇచ్చింది 5 వోల్టులతో నడిచే ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలరు బోర్డు. వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ దాని చిప్పులోనే ఉంది.

మొదటి బోర్డుకు టాకో తీగను నేరుగా కలిపారు. నెమ్మదిగా, ముందుకు మాత్రమే తిప్పి చూద్దామనుకుంటే ఎవరో రివర్స్ స్విచ్ వేశారు. ఆ బోర్డు మళ్లీ పనిచేయలేదు. రెండో బోర్డుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు పెట్టి వోల్టేజీని సగం చేశారు. మోటారు ముందుకు తిరిగితే రీడింగు సవ్యంగా ఉంది, వెనక్కి తిరిగితే సున్నా. పైగా సరిగ్గా అప్పుడే పక్క పిన్నుకు కలిపిన ఎల్ఎమ్ 35 ఉష్ణోగ్రత సెన్సరు రీడింగు కూడా అదుపు తప్పుతోంది. తర్వాత, మైనస్ 4.096 నుంచి ప్లస్ 4.096 వోల్టుల దాకా కొలుస్తుందని చదివి ఏడీఎస్ 1115 అనే విడి ఏడీసీ మాడ్యూలు తెప్పించారు. 30, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజీని నాలుగో వంతుకు దించి కలిపారు. ముందుకు 19,600 దాకా చక్కగా వస్తోంది. వెనక్కి ఎంత వేగంగా తిప్పినా 61,500 దగ్గరే నిలిచిపోతోంది.

సీనియర్ ఇంజనీరు గారు ప్లస్, మైనస్ 12 వోల్టుల సప్లైతో ఆప్-యాంప్ (వోల్టేజీని పెంచడానికి, జరపడానికి వాడే చిప్పు) సర్క్యూటు కట్టమన్నారు. ఒక సహోద్యోగి, రెండు దిశల వోల్టేజీనీ ఒకే దిశకు మార్చే బ్రిడ్జి రెక్టిఫయరు పెడితే మైనస్ అనేదే ఉండదన్నారు. కలిసి చదువుకున్న స్నేహితురాలు మూడు రెసిస్టర్లు చాలు అంటోంది. “ముగ్గురూ నమ్మకంగానే చెబుతున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. మూడో బోర్డు అడగడానికి నోరు రావడం లేదు. ఇంత చిన్న పని కూడా చేతకాదా అని అనుకుంటారేమో” అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీ చివరి మాటతో మొదలుపెడతాను. ఇది చిన్న పని కాదు. చేయి తిరిగిన వాళ్లు కూడా తడబడే చోటు ఇది. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చినది, ప్రతి వైఫల్యంలోనూ మీరు ఏం చూశారో అంకెలతో సహా రాయడం. పక్క సెన్సరు రీడింగు చెదిరిందని రాశారు, 61,500 దగ్గర ఆగిందని రాశారు. ఆ రెండు ముక్కలతోనే సగం చిక్కు విడిపోతుంది. చేతకాని వాళ్లు అలా గమనించరు.

మీ బోర్డులో ఉన్న ఏటీమెగా 328పీ చిప్పు తన గ్రౌండును సున్నాగా, రిఫరెన్సు వోల్టేజీని కొసగా తీసుకుని మధ్య దూరాన్ని 1,024 మెట్లుగా విడగొడుతుంది. గ్రౌండు కన్నా దిగువన దానికి మెట్లే లేవు. అయితే అసలు సమస్య మెట్లు లేకపోవడం కాదు. ప్రతి పిన్ను దగ్గరా చిప్పు లోపల రెండు రక్షణ డయోడ్లు (విద్యుత్తును ఒక వైపే పోనిచ్చే భాగాలు) ఉంటాయి. ఒకటి పిన్నును పై సప్లైకి, మరొకటి గ్రౌండుకు కలుపుతుంది. పిన్ను వోల్టేజీ సున్నాకు అర వోల్టుకు పైగా దిగువకు పోగానే గ్రౌండు వైపు డయోడు తెరుచుకుని విద్యుత్తును వదులుతుంది. ఈ చిప్పు డేటాషీటులో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, గరిష్ఠ పరిమితుల పట్టికలో ఉన్నది కూడా అదే: మైనస్ 0.5 వోల్టులు. ఆ గీత దాటితే చిప్పు బతుకుతుందని తయారీదారు హామీ ఇవ్వడు.

ఇప్పుడు మీరు చూసినవి ఒక్కొక్కటిగా చూద్దాం. మొదటి బోర్డులో టాకోకూ పిన్నుకూ మధ్య ఏ రెసిస్టరూ లేదు. టాకో వైండింగు నిరోధం తక్కువ కాబట్టి ఆ చిన్న డయోడు గుండా అది తట్టుకోలేనంత విద్యుత్తు పారింది. రెండో బోర్డులో 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు అడ్డుగా ఉంది. ఆ కారణంగా డయోడు గుండా సుమారు 0.9 మిల్లీఆంపియర్ మాత్రమే పారి, చిప్పు నిలబడింది. కానీ ఆ కొద్ది విద్యుత్తు కూడా చిప్పు పునాది పొరలోకి చేరి, పక్క చానెళ్లను ఏడీసీకి కలిపే స్విచ్చుల దగ్గర అలజడి చేస్తుంది. మీ ఉష్ణోగ్రత సెన్సరు పాడు కాలేదు, వైరింగులో తప్పు లేదు. మోటారు వెనక్కి తిరిగినప్పుడల్లా అది మీకు ఒక హెచ్చరిక అందించింది. ఏదో ఒక చానెల్ సున్నాకు దిగువకు వెళ్లినప్పుడు మిగతా చానెళ్లు చెదిరితే ముందుగా అనుమానించాల్సింది ఈ డయోడునే.

ఏడీఎస్ 1115 విషయంలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఈ చిప్పు ఫలితాన్ని 16 బిట్ల టూస్ కాంప్లిమెంట్ రూపంలో, అంటే మైనస్ సంఖ్యకు 65,536 కలిపి రాసే పద్ధతిలో ఇస్తుంది. మీ ప్రోగ్రాము దాన్ని సైన్ లేని, అంటే మైనస్ అన్నదే లేని సంఖ్యగా చదువుతోంది. 61,500 నుంచి 65,536 తీసేయండి, మైనస్ 4,036 వస్తుంది. మీరు ఎంచుకున్న రేంజిలో ఒక్కో మెట్టు 125 మైక్రోవోల్టులు కనుక అది సుమారు మైనస్ అర వోల్టు. అంటే మాడ్యూలు మీకు నిజమే చెప్పింది: పిన్ను దగ్గర ఉన్నది మైనస్ అర వోల్టే. మిగతాదంతా దాని రక్షణ డయోడు మింగేసింది.

మరి డేటాషీటులో మైనస్ 4.096 అని ఎందుకుంది? చాలా మందిని తప్పుదారి పట్టించే చోటు ఇదే. అక్కడ చెప్పింది రెండు పిన్నుల మధ్య తేడా గురించి. ఒక పిన్ను 1 వోల్టు దగ్గర, ఇంకొకటి 3 వోల్టుల దగ్గర ఉంటే తేడా మైనస్ 2 అని అది చెప్పగలదు. అయితే ఏ పిన్ను కూడా గ్రౌండు కన్నా 0.3 వోల్టులకు మించి దిగకూడదనే షరతు అదే డేటాషీటులో వేరే పట్టికలో ఉంటుంది. తేడా మైనస్ కావచ్చు, పిన్ను మాత్రం మైనస్ కాకూడదు. డిఫరెన్షియల్ ఏడీసీ అని పేరున్న చాలా చిప్పులకు ఇదే వర్తిస్తుంది.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం. ఒక స్కేలు సున్నా దగ్గర మొదలవుతోంది, మీరు కొలవాల్సిన గీత సున్నాకు ఎడమ వైపు దాకా సాగి ఉంది అనుకోండి. గీతనైనా కుడికి జరపాలి, స్కేలునైనా ఎడమకు జరపాలి, లేదా మధ్యలో సున్నా ఉన్న స్కేలు తెచ్చుకోవాలి. మీకు సలహా ఇచ్చిన వాళ్లలో ఇద్దరు మొదటి దారి గురించే రెండు రకాలుగా చెప్పారు. రెండో దారి గురించి, మూడో దారి గురించి ఎవరూ చెప్పలేదు. బ్రిడ్జి మాత్రం ఈ మూడింటిలో దేనికీ చెందదు.

ఏ దారి అయినా ఎంచుకునే ముందు మీ ఉత్తరంలో లేని ఒక విషయం తేల్చుకోవాలి. ఆ టాకో తీగలు మీ బోర్డుకు మాత్రమే వస్తున్నాయా, లేక మోటారును నడిపే డ్రైవుకు కూడా వెళ్తున్నాయా? వేగాన్ని స్థిరంగా ఉంచడానికి చాలా డ్రైవులు టాకో నుంచే ఫీడ్‌బ్యాక్ తీసుకుంటాయి. అలా అయితే ఒక తీగ ఇప్పటికే డ్రైవు కామన్‌కు, అంటే డ్రైవు సున్నాగా తీసుకునే బిందువుకు, కలిసి ఉంటుంది. కొన్ని థైరిస్టరు డ్రైవుల్లో ఆ కామన్ కరెంటు లైను నుంచి విడిగా ఉండదు, లైను వోల్టేజీ మీదే తేలుతూ ఉంటుంది. దాన్ని తీసుకొచ్చి మీ బోర్డు గ్రౌండుకు, అక్కడి నుంచి యూఎస్‌బీ కేబులు ద్వారా కంప్యూటరు గ్రౌండుకు కలిపితే పోయేది బోర్డు ఒక్కటే కాదు. కంప్యూటరు పోతుంది, దాన్ని ముట్టుకున్న మనిషికీ ప్రమాదం. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

పరీక్ష ఇలా చేయండి. అన్నీ ఆపి, లైను నుంచి విడదీసి, ప్రతి టాకో తీగకూ మోటారు బాడీకీ మధ్య, తీగకూ డ్రైవు కామన్‌కూ మధ్య మల్టీమీటరుతో నిరోధం చూడండి. రెండూ తెగి ఉన్నట్టు చూపిస్తే టాకో స్వతంత్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా కలిసి ఉంటే అక్కడితో ఆగి, డ్రైవు మాన్యువల్‌లో కంట్రోల్ వైపు ఐసొలేషన్ (లైనుతో విద్యుత్ సంబంధం లేకుండా విడిగా ఉండటం) ఉందో లేదో సీనియర్ గారి దగ్గర కూర్చుని చూడండి. ఐసొలేషన్ లేదని తేలితే కింద చెప్పినవేవీ నేరుగా కలపకూడదు. టాకోకూ మీ బోర్డుకూ మధ్య ఐసొలేషన్ ఆంప్లిఫయరు గానీ, బోర్డుకూ కంప్యూటరుకూ మధ్య యూఎస్‌బీ ఐసొలేటరు గానీ ఉండాలి. రెండో పద్ధతిలో బోర్డు మొత్తం లైను వోల్టేజీ మీద ఉంటుంది, దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. నా ఓటు మొదటి దానికే.

టాకో స్వతంత్రంగా ఉంది అనుకుందాం. అప్పుడు మీకు దారులు చాలానే ఉన్నాయి.

మీ స్నేహితురాలు చెప్పిన మూడు రెసిస్టర్లు నిజంగానే పనిచేస్తాయి. టాకో నుంచి పిన్నుకు 20 కిలో ఓమ్‌లు, 5 వోల్టుల నుంచి పిన్నుకు 10 కిలో ఓమ్‌లు, పిన్ను నుంచి గ్రౌండుకు 20 కిలో ఓమ్‌లు. టాకో రెండో తీగ గ్రౌండుకు. మైనస్ 10 వోల్టులు వస్తే పిన్ను సున్నా దగ్గర, సున్నా వస్తే 2.5 వోల్టుల దగ్గర, ప్లస్ 10 వస్తే 5 వోల్టుల దగ్గర ఉంటుంది. పిన్నుకు కనిపించే నిరోధం 5 కిలో ఓమ్‌లు. ఈ చిప్పు ఏడీసీకి మూల నిరోధం 10 కిలో ఓమ్‌ల లోపు ఉండాలని తయారీదారు సూచన కనుక అది సరిపోతుంది. ఒక్కో మెట్టు టాకో వైపు 19.5 మిల్లీవోల్టులు, అంటే నిమిషానికి దాదాపు 2.8 చుట్లు. మీకు కావాల్సిన సూక్ష్మత 10 చుట్లయితే ఇంతకన్నా ఖరీదైన ఏడీసీ అక్కర్లేదు.

అయితే ఈ విలువలను నేను ఉన్నవి ఉన్నట్టు వాడను. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు తరచూ 4.75 దాకా దిగుతాయి. అప్పుడు కొలవగలిగే పరిధి ప్లస్, మైనస్ 9.5కు కుంచించుకుపోతుంది, మీ 9.8 దాని బయట పడుతుంది. టాకో వైపు రెసిస్టరును 20కి బదులు 24 కిలో ఓమ్‌లు చేయండి. పరిధి మైనస్ 12 నుంచి ప్లస్ 11 వోల్టుల దాకా పెరుగుతుంది. మోటారు ఒక్క క్షణం వేగం మించినా పిన్ను సున్నా కిందికి పోదు. సున్నా వేగం 512 దగ్గర కాకుండా 534 దగ్గర కనిపిస్తుంది. దానితో ఇబ్బంది లేదు, ప్రోగ్రాములో తీసేస్తారు.

ఈ దారిలో మూడు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఒకటి, 1 శాతం రెసిస్టర్లు వాడితే లెక్కలో వచ్చిన సున్నాకూ అసలు సున్నాకూ మధ్య టాకో వైపు 115 మిల్లీవోల్టుల దాకా తేడా ఉండవచ్చు. అంటే ఆగి ఉన్న మోటారు 16 చుట్లు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కాలిబ్రేషన్‌తో, అంటే తెలిసిన వోల్టేజీలతో సరిచూసుకుంటే, ఇది పోతుంది. రెండోది మరింత ముఖ్యం: టాకో తీగ ఊడిపోతే పిన్ను సున్నాకు రాదు. మిగిలిన రెండు రెసిస్టర్లు దాన్ని 3.33 వోల్టుల దగ్గర నిలబెడతాయి. ఆగి ఉన్న మోటారు 476 చుట్ల వేగంతో ముందుకు పోతున్నట్టు తెర మీద కనిపిస్తుంది. ఆ అంకె కదలకుండా కనిపిస్తే తీగ చూడమని ఒక కాగితం రాసి బల్ల దగ్గర అంటించండి, ప్రోగ్రాములో కూడా ఒక హెచ్చరిక పెట్టండి. మూడోది రిఫరెన్సు. పైకి లేపే 10 కిలో ఓమ్‌ల రెసిస్టరును ఏడీసీ రిఫరెన్సుగా వాడుతున్న 5 వోల్టులకే కలపాలి. అలా చేస్తే సప్లై పెరిగినా తగ్గినా సున్నా మాత్రం చోటు మారదు. కానీ వేగం అంకె మారుతుంది. సప్లై 5 శాతం తగ్గితే వేగం దాదాపు 5 శాతం ఎక్కువ చూపిస్తుంది. అది నచ్చకపోతే 4.096 వోల్టుల రిఫరెన్సు చిప్పు ఒకటి పెట్టి, దాన్నే ఏరెఫ్ పిన్నుకూ (బయటి రిఫరెన్సు కోసం ఉన్న పిన్ను), ఆ 10 కిలో ఓమ్‌లకూ ఇవ్వండి. టాకో వైపు రెసిస్టరు అప్పుడు 30 కిలో ఓమ్‌లు కావాలి. మొదటి రీడింగు తీసుకునే ముందే ప్రోగ్రాములో బయటి రిఫరెన్సును ఎంచుకోవాలి. లేకపోతే లోపలి రిఫరెన్సు, బయటిది ఒకదానితో ఒకటి షార్ట్ అవుతాయి.

ఇక స్కేలునే జరిపే దారి. మీరు తెప్పించిన ఏడీఎస్ 1115 వృథా కాదు, నిజానికి ఈ పనికి అది ముచ్చటగా సరిపోతుంది. 5 వోల్టులను రెండు సమాన రెసిస్టర్లతో సగం చేసి 2.5 వోల్టుల మధ్య బిందువు తయారు చేయండి. దాన్ని ఎమ్‌సీపీ 6002 లాంటి, 5 వోల్టులతో నడిచే రైల్-టు-రైల్ (సప్లై రెండు కొసల దాకా పనిచేసే) ఆప్-యాంప్ బఫరు గుండా పంపండి. బఫరు వోల్టేజీని మార్చదు, ఆ బిందువును గట్టిగా నిలబెడుతుంది. మీరు కట్టిన 30, 10 కిలో ఓమ్‌ల జతను అలాగే ఉంచండి. ప్రస్తుతం గ్రౌండుకు కలిపిన రెండింటిని, అంటే 10 కిలో ఓమ్‌ల కింది కొసనూ టాకో రెండో తీగనూ అక్కడి నుంచి విప్పి ఈ మధ్య బిందువుకు కలపండి. మాడ్యూలు మొదటి ఇన్‌పుట్టు రెసిస్టర్ల జంక్షనుకు, రెండో ఇన్‌పుట్టు మధ్య బిందువుకు. డిఫరెన్షియల్ పద్ధతిలో చదవండి.

టాకో ప్లస్ 9.8 నుంచి మైనస్ 9.8 దాకా ఊగినా సప్లై 5 వోల్టులుగా ఉంటే ఇప్పుడు జంక్షను 0.05 నుంచి 4.95 వోల్టుల మధ్యే కదులుతుంది. మధ్య బిందువు కొద్దిగా అటూ ఇటూ జరిగినా అది రెండు ఇన్‌పుట్టుల్లోనూ సమానంగా ఉంటుంది కనుక తేడాలో కొట్టుకుపోతుంది. ఆగినప్పుడు దాదాపు సున్నా, ముందుకు ప్లస్, వెనక్కి మైనస్. ఈ చిప్పుకు సొంత రిఫరెన్సు లోపలే ఉంది కనుక యూఎస్‌బీ వోల్టేజీ తగ్గినా వేగం అంకె మారదు. తీగ ఊడితే రీడింగు సున్నాకు వస్తుంది. మొదటి దారిలోలా లేని వేగాన్ని చూపించదు, కానీ ఆగిన మోటారుకూ ఊడిన తీగకూ తేడా తెలియదు. ఏది మేలో మీ పని స్వభావాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి.

ఒక్కో మెట్టు టాకో వైపు అర మిల్లీవోల్టు, అంటే నిమిషానికి 0.07 చుట్టు. ఆ అంకెను చూసి మురిసిపోకండి. టాకో కమ్యుటేటరు వల్ల వచ్చే అలలే అంతకన్నా చాలా పెద్దవి. సెకనుకు 860 రీడింగులకు మించి కూడా ఇది తీయలేదు. వేగం నమోదుకు అది ఎక్కువే, మోటారు విద్యుత్తులోని వేగవంతమైన మార్పులు చూడాలంటే మాత్రం చాలదు. ఈ దారికి తప్పనిసరి షరతు ఒక్కటే: టాకో స్వతంత్రంగా ఉండాలి. రేపు ఎవరైనా టాకో తీగను డ్రైవుకు కూడా కలిపితే మధ్య బిందువు నేరుగా డ్రైవు కామన్‌కు షార్ట్ అవుతుంది. అలా జరిగే అవకాశం ఉన్న చోట మూడు రెసిస్టర్ల దారే క్షేమం.

సీనియర్ గారి మాటకు వస్తాను. ప్లస్, మైనస్ 12 వోల్టుల ఆప్-యాంప్ తప్పు సలహా కాదు. సిగ్నలు బలహీనమైనదైతే అదే సరైన దారి. ఉదాహరణకు పీహెచ్ ఎలక్ట్రోడు కూడా ప్లస్, మైనస్ రెండు వైపులా వోల్టేజీ ఇస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కు 59 మిల్లీవోల్టులు. దాని మూల నిరోధం కోట్ల ఓమ్‌లలో ఉంటుంది. దానికి రెసిస్టర్ల జత తగిలిస్తే సిగ్నలే మిగలదు, చాలా తక్కువ విద్యుత్తు తీసుకునే ఆప్-యాంప్ తప్పనిసరి. మీ టాకో అలాంటిది కాదు. పాతిక కిలో ఓమ్‌ల లోడును అది లెక్క చేయదు. పైగా 12 వోల్టుల ఆప్-యాంప్‌కు ఒక ప్రమాదం ఉంది. సప్లైలలో ఒకటి ముందుగా, ఇంకొకటి ఆలస్యంగా వచ్చినా, ఒక తీగ ఊడినా దాని అవుట్‌పుట్టు 10 వోల్టులకు పైగా ఎటైనా పోగలదు. అది నేరుగా మీ ఏడీసీ పిన్ను మీద పడుతుంది. సున్నా కింది వోల్టేజీ నుంచి కాపాడాల్సిన సర్క్యూటే బోర్డును చంపుతుంది. ఆయన పద్ధతే కావాలంటే చివరి దశను 5 వోల్టులతో నడిచే ఆప్-యాంప్‌తో కట్టండి, పిన్నుకు ముందు 1 కిలో ఓమ్ పెట్టండి. అప్పుడది పూర్తిగా గౌరవనీయమైన సర్క్యూటు.

బ్రిడ్జి రెక్టిఫయరు మాత్రం వద్దు. మైనస్‌ను తీసేస్తుందన్నది నిజమే, కానీ దానితో పాటు దిశ కూడా పోతుంది. మీకు అప్పగించిన పనిలో సగం అదే. మామూలు సిలికాన్ డయోడ్లు రెండు కలిసి సుమారు 1.2 వోల్టులు తినేస్తాయి. అంటే నిమిషానికి 170 చుట్ల లోపు వేగం అసలు కనిపించదు. ఇలాగే ఎవరైనా మధ్యలో కెపాసిటరు పెట్టి సిగ్నలును పైకి లేపమంటే అది శబ్ద సంకేతాలకు మంచి పద్ధతే గానీ, స్థిరమైన వేగాన్ని అది దాటనివ్వదు. మోటారు ఒకే వేగంతో తిరుగుతుంటే రీడింగు మెల్లగా మధ్యకు వచ్చి కూర్చుంటుంది.

మధ్యలో సున్నా ఉన్న స్కేళ్లు కూడా ఉన్నాయి. ఏడీ 7606 చిప్పు 5 వోల్టుల సప్లైతోనే నడుస్తూ మైనస్ 10 నుంచి ప్లస్ 10 వోల్టుల దాకా నేరుగా తీసుకుంటుంది. 16 బిట్లు, 8 చానెళ్లు, అన్నీ ఒకే క్షణంలో శాంపిలు తీస్తుంది. ఇన్‌పుట్టు నిరోధం 1 మెగా ఓమ్. మీ ఒక్క టాకో కోసం దాన్ని కొనడం అనవసరమైన ఖర్చు, ప్రోగ్రాము రాయడం కూడా కొంత కష్టం. కానీ రేపు ఆర్మేచరు వోల్టేజీ, విద్యుత్తు, వేగం మూడూ ఒకే క్షణంలో కావాలని అడుగుతారని మీకు అనిపిస్తే ఇప్పుడే ఆ మాట ఎత్తండి. అప్పుడది ఖర్చు కాదు, ఆదా.

నన్ను ఏది ఎంచుకుంటారని అడిగితే, టాకో నిజంగా స్వతంత్రంగా ఉంటే ఏడీఎస్ 1115 మధ్య బిందువు దారి. కావాల్సిన భాగాలు దాదాపు అన్నీ మీ దగ్గరే ఉన్నాయి. డ్రైవుతో కలిసి ఉండి, డ్రైవు కామన్ ఐసొలేట్ అయి ఉంటే మూడు రెసిస్టర్లు.

ఏ దారి పట్టినా కొన్ని పనులు తప్పవు. పిన్ను దగ్గర గ్రౌండుకు 100 నానోఫారడ్ కెపాసిటరు పెట్టండి. మూడు రెసిస్టర్ల దారిలో అది 300 హెర్ట్జ్‌కు పైనున్న రొదను తగ్గిస్తుంది, ఏడీసీ శాంపిలు తీసే క్షణంలో దానికి కావాల్సిన ఛార్జీ కూడా అందిస్తుంది. పిన్నుకు ముందు 1 కిలో ఓమ్, పిన్ను నుంచి గ్రౌండుకూ సప్లైకీ షాట్కీ డయోడ్ల జత పెట్టండి. లోపలి డయోడ్ల కన్నా ముందే ఇవి తెరుచుకుంటాయి.

ప్రోగ్రాములో మీ లెక్క మొత్తం సైన్డ్ సంఖ్యలతో నడవాలి. మూడు రెసిస్టర్ల దారిలో కూడా ఇదే ఉచ్చు ఉంది. సైన్ లేని 16 బిట్ల సంఖ్యల్లో 500 నుంచి 534 తీసేస్తే మైనస్ 34 రాదు, 65,502 వస్తుంది. ఏడీఎస్ 1115 ఫలితాన్ని కచ్చితంగా 16 బిట్ల సైన్డ్ సంఖ్యగానే ప్రకటించండి. ఊనోలో మామూలు ఇంట్ కూడా 16 బిట్లే కనుక అక్కడ అదీ సరిపోతుంది. కానీ తర్వాత ఎవరైనా ఆ ప్రోగ్రామును 32 బిట్ల బోర్డుకు తరలిస్తే మీ 61,500 మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

కాలిబ్రేషన్‌కు లెక్కలో వచ్చిన విలువలను నమ్మకండి. టాకో బదులు ముందుగా రెండు ఇన్‌పుట్టు తీగలను ఒకదానికొకటి కలిపి సున్నా రీడింగు రాసుకోండి. తర్వాత ఒక 9 వోల్టుల బ్యాటరీని పెట్టి, మల్టీమీటరులో దాని అసలు వోల్టేజీ చూసి, రీడింగు రాసుకోండి. బ్యాటరీని తిరగేసి మళ్లీ రాసుకోండి. మూడు బిందువులూ ఒకే సరళరేఖ మీద పడితే మీ సర్క్యూటు ఆరోగ్యంగా ఉన్నట్టు. తిరగేసినప్పుడు రేఖ వంగితే ఎక్కడో ఒక డయోడు తెరుచుకుంటోంది. ఇది మోటారు దగ్గరకు వెళ్లకుండా బల్ల మీదే చేయగలిగిన పరీక్ష. మూడు రెసిస్టర్ల దారిలో బ్యాటరీ తిరగేసినప్పుడు ఎల్ఎమ్ 35 రీడింగు కదలకుండా ఉందో లేదో కూడా చూడండి. అది కదలకపోతే డయోడు తెరుచుకోవడం లేదనడానికి అదీ ఒక మంచి సూచన.

ఇప్పుడు మనుషుల సంగతి. మీ భయం నాకు అర్థమైంది. ఒకరి మాట వింటే మిగతా వాళ్లకు కోపం వస్తుందని అనుకుంటున్నారు. ముగ్గురిలో ఎవరు గెలిచారు అన్న ప్రశ్నగా దీన్ని వాళ్ల ముందు పెట్టకండి. సీనియర్ గారి దగ్గరకు రెండు విషయాలతో వెళ్లండి. ఒకటి, టాకో తీగలు డ్రైవుకు కలిసి ఉన్నాయా లేదా అన్న మీ పరీక్ష ఫలితం. రెండు, బ్యాటరీతో తీసిన ఆ మూడు బిందువుల పట్టిక. “మీరు చెప్పిన ఆప్-యాంప్‌ను మధ్య బిందువు బఫరుగా 5 వోల్టుల మీద పెట్టాను సార్, పిన్ను సున్నా కిందికి పోవడం లేదు, చూడండి” అంటే అది ధిక్కారం అనిపించుకోదు. ఆయన ఇంకా 12 వోల్టుల సర్క్యూటే కావాలంటే పైన చెప్పిన 5 వోల్టుల చివరి దశను అడగండి. కారణం అడిగితే సప్లై ఒకటి ఆలస్యంగా వచ్చినప్పుడు ఏమవుతుందో చెప్పండి. సర్క్యూట్లు తెలిసిన మనిషి ఆ మాటను కాదనరు.

బోర్డు అడగడం గురించి కూడా దాచకండి. మొదటిది ఎలా పోయిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి: రెసిస్టరు లేకుండా కలిపాను, రివర్స్ వేశారు, మైనస్ 0.5 పరిమితి దాటింది. కారణం తెలిసిన నష్టాన్ని ఎవరైనా అర్థం చేసుకుంటారు. చెప్పకపోతే అదే బల్ల మీద రేపు ఇంకొకరు అదే తీగను అలాగే కలుపుతారు. రెండో బోర్డు బహుశా బాగానే ఉంది. దాని అనలాగ్ పిన్నులన్నిటికీ ఒకదాని తర్వాత ఒకటిగా 3.3 వోల్టులు ఇచ్చి రీడింగులు పోల్చి చూడండి. టాకో కలిపిన పిన్ను మిగతా వాటితో సరిపోలితే దాన్నే వాడుకోండి, మూడోది అడగనక్కర్లేదు. సరిపోలకపోతే ఆ బోర్డును కొలతలకు కాకుండా వేరే పనికి ఉంచి, కొత్త బోర్డు వచ్చాక ముందు బ్యాటరీ పరీక్ష పూర్తి చేసి, ఆ తర్వాతే టాకో తీగలు కలపండి. కలిపే రోజు మోటారు దగ్గర నిలబడే వాళ్లతో రివర్స్ స్విచ్ ఎప్పుడు వేయాలో మీరు చెబుతారని ముందే మాట్లాడుకోండి.